లోతు చెప్పే ముల్లు

వాడని వస్తువు వస్తువే కాదని ఈ శీర్షికలో నేను పలుమార్లు వాదించితిని. కనుకనే, కుప్పమునుండి మదనపల్లెకు వచ్చిన మిత్రుడొకరు ఈ వారము పట్టుగుడ్డలో చుట్టిన ఫేవర్ లూబా బాతీ గడియారమును నా బల్లపైనుంచి, దీనినేనాడును నీట ముంచలేదని సగర్వముగా చెప్పగా నాకు మిక్కిలి చిరాకు కలిగినది.

1968లో వెలువడిన ఆ స్విస్ గడియారము నీట మునిగి పనిచేయువారికై పుట్టినది. వెనుక మూత రంధ్రములగుండ నీరు చొరబడి పలుచని లోహపు పొరను నొక్కగా, అది వంగినంత మేర ముల్లు కదలి లోతు చూపును. పది మీటర్లు దిగిన కొలదిని ఒత్తిడి ఇంచుమించు ఒక వాతావరణమంత పెరుగుననెడి ప్రకృతినియమమే దానికాధారము. 1865నాటికే బొంబాయిలో అడుగిడిన ఫేవర్ లూబా కంపెనీవే సీ చీఫ్, సీ కింగ్ గడియారములు. సముద్రము మొగమెరుగని మన సీమ బడిపంతుళ్లెందరో వానిని ధరించిరి.

మాకు సముద్రము పుంగనూరు దాపుననున్న మోటబావియే. నడుమునకు బెండ్లు కట్టుకొని మేము ఒడ్డువెంబడి ఈదులాడుచుండగా, పాతాళగరిగెకు చిక్కని బిందెకై మా మేనమామ మునిగి, ఊపిరికి పైకి వచ్చి, చెవులు రెండును అదిమిపట్టుకొని, “ఇంకా ఒక మట్టుంది రా!” అనెడివాడు. ఆ మాట తప్పగా నేనెరుగను. గడియారములోని లోహపు పొర చేయుపనిని ఆయన కర్ణభేరి చేయుచుండెనని నాకిప్పుడు తెలిసినది. ఆ బావి నేడు ముండ్లకంపతో పూడియున్నది. చుట్టును వెయ్యేసి అడుగుల బోర్లు, వానిలోనికి మనిషి దిగుటెట్లు?

నిండుగా నీరున్న బావి యెచ్చటనైన దొరికిన దీనిని దించి చూడవలసినదేయని మిత్రునితో వాదించి, ముందుగా బజారులోని గడియారముల మరమ్మతుదారుకు చూపితిమి. ఆయన వెనుక మూత విప్పి, రాయివలె గట్టిపడిన రబ్బరు చుట్లను చూపి, చెక్కపుల్ల కొనతో లోహపు పొరను మెల్లగా అదిమెను. ముల్లు కదలెను, వదలగానే సున్నకు మరలెను. ఇన్నేండ్లకును ఆ పొర బిగువు చెడలేదు. నీట తడిసి అది చెడినచో, మార్చుటకు అట్టి పొర దొరకదని ఆయన చెప్పెను.

అంతట నా వాదమును విడిచితిని. నీట ముంచకపోవుటయే ఈ గడియారమునకు మిత్రుడు చేసిన సేవ. అయినను పెట్టెలో పడవేయక ప్రతిదినము కీ ఇమ్మని కోరితిని; ఉదయము కాఫీకి ముందు తాను చేయు మొదటి పని అదియేనని ఆయన చెప్పెను.