నాచుకు కావలసింది నిలకడైన తడి

వానలు తగ్గుముఖం పట్టగానే విశాఖలోని గోపాలపట్నం డాబాల మీద బ్లీచింగ్ పౌడర్ వాసన మొదలవుతుంది. మెట్ల మీద, నీళ్ల ట్యాంకు కింద, పిట్టగోడ వెంబడి పట్టిన పచ్చదనాన్నంతా కొబ్బరి చీపురుతో గీకి పారేస్తాం. మెట్ల మీది జిగురు పాచిని గీకాల్సిందే. పెద్దవాళ్లున్న ఇంట్లో దానికి ఉపేక్ష పనికిరాదు. కానీ అదే ఊపులో ఇటుకల సందుల్లో మఖమల్‌లా ఒత్తుగా పెరిగిన అసలు నాచునూ ఊడ్చేస్తున్నాం. అది ఎవరి కాలి కిందకీ రాదు, ఎవరికీ అడ్డం కాదు.

నాచును కళగా పెంచిన చోటు జపాన్‌లోని క్యోటో. అక్కడి సైహోజీ ఆలయ తోటను 1339లో ముసో సోసెకి అనే జెన్ గురువు తీర్చిదిద్దాడు. అయితే నాచు ఆయన నాటింది కాదు. తర్వాతి శతాబ్దాల్లో ఆలయం ఆలనాపాలనా లేక పాడుబడి, వరదలకు మునిగితే, తేమ నిలిచిన ఆ తోటను నాచే ఆక్రమించుకుంది. ఇప్పుడక్కడ సుమారు 120 రకాలున్నాయంటారు. 1994లో ఆ ఆలయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడి తోటమాలుల పనంతా రాలిన ఆకులను మెత్తటి చీపుళ్లతో ఊడ్చడం, కలుపు చేత్తో ఏరడం. ఆకులు కప్పేస్తే వెలుతురు అందక నాచు కుళ్లిపోతుంది. నాటడం కన్నా అడ్డు తీయడమే ఆ సంప్రదాయంలో అసలు విద్య.

ఆ విద్య మనకూ అబ్బుతుంది. సింహాచలం కొండ అంచున ఉన్న ఊరు మనది. గాలిలో సముద్రపు తేమ ఉంది, జూన్ నుంచి నవంబరు దాకా వానలున్నాయి. పైగా మన దేశంలో గోడల మీద తరచుగా కనిపించే హయోఫిలా ఇన్వల్యూటా, బ్రయం ఆర్జెంటియం అనే నాచులు సున్నానికీ సిమెంటుకూ అలవాటుపడినవే. అరకు, లంబసింగి చెట్ల మీది నాచు మీద ఆశపడి పీక్కురాకండి. చల్లని కొండగాలికి పెరిగినది విశాఖ ఎండలో బతకదు.

ఎండిన హయోఫిలా తునకను అరచేతిలో పెట్టుకుని భూతద్దంతో చూడండి. ఆకులన్నీ అంచులు లోపలికి చుట్టుకుని, గోధుమరంగుకు తిరిగి, చచ్చినట్టే ఉంటాయి. ఒక్క నీటిచుక్క వేయండి. చూస్తుండగానే ఆకులు విచ్చుకుంటాయి, ముద్దంతా పచ్చబడుతుంది. నాచుకు నిజమైన వేళ్లు లేవు. వేళ్లలా కనిపించే నూలుపోగులు పట్టుకోసమే. నీరు తాగేది ఆకులే, ఆ ఆకు మందం చాలాచోట్ల ఒక్క కణమే.

మనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ఎండిపోయిందని జాలిపడి మిట్టమధ్యాహ్నం నీళ్లు చిలకరిస్తాం. తడిసిన ప్రతిసారీ నాచు ఎండినప్పుడు దెబ్బతిన్న కణాలను బాగుచేసుకోవడానికి తన నిల్వలు ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చు రాబట్టుకోవాలంటే తడి కొన్ని గంటలు నిలవాలి. అరగంటలో ఆరిపోయే చిలకరింపు దానికి నష్టమే. అంతకన్నా ముఖ్యం, ఎండిన నాచు తట్టుకున్న వేడిని తడిసిన నాచు తట్టుకోలేదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో దాని మానాన దాన్ని వదిలేయాలి. మిగతా కాలంలో తెల్లవారుజామున, పొద్దెక్కేదాకా ఆరనంతగా తడపాలి.

పెంచాలనుకునేవారు జులైలో మొదలుపెట్టాలి. వెడల్పాటి మట్టి మూకుడుకు అడుగున చిల్లు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, ఇటుకపొడి కలిపి నింపి, అరచేత్తో గట్టిగా అదమాలి. మట్టి గుల్లగా ఉంటే మొదటి వానకే కొట్టుకుపోతుంది. గోడ మీది నాచును పాత చాకుతో పలచగా లేపి, నలిపి, పైన చల్లి మళ్లీ అదమాలి. తునిగిన ఆకుముక్క నుంచి కూడా కొత్త మొక్క వస్తుంది. మజ్జిగ కలిపి రుద్దమని కొందరు చెబుతుంటారు. మన వేడికి దానివల్ల బూజూ చీమలే తప్ప లాభం లేదు. మూకుడును ఉత్తరపు గోడ నీడన పెట్టండి. ఉప్పుబోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర కట్టి నాచు మాడుతుంది. వాననీరు మేలు, లేదంటే ఏసీ గొట్టం నుంచి కారే నీరు, అందులో లవణాలు దాదాపు ఉండవు. పగుళ్లున్న శ్లాబు మీద మాత్రం నాచును ఉండనివ్వొద్దు. తడి నిలిచి లోపలి ఊచలు తుప్పుపడతాయి.

వేళ్లు లేని ఈ మొక్క గాలిలోని దుమ్మునూ వాననూ తిని బతుకుతుంది కనుక, గాలిలోని లోహాలు దాని ఒంట్లో పోగవుతాయి. 1960ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీన్ని కాలుష్యపు కొలమానంగా మలిచారు. 1990 నుంచి ఐరోపా దేశాలు ఐదేళ్లకోసారి నాచును సేకరించి లోహాలు లెక్కిస్తున్నాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో గాజు తయారీ కేంద్రాల దగ్గర కాడ్మియం ఉందని 2016లో బయటపెట్టినది చెట్ల మీది నాచే. నాచు లేనిచోట శుభ్రంగా కడిగిన నాచును నైలాన్ వల సంచుల్లో కట్టి కొన్ని వారాలు వేలాడదీస్తారు. వేలాడదీయని నాచుతో పోల్చి చూస్తారు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి ప్రాణాలు తీసిన ఘటనను గోపాలపట్నం మరచిపోలేదు. అలాంటి ఆవిరిని నాచు పట్టి ఇవ్వలేదు. కానీ ఓడరేవు బొగ్గుపొడి, ఇనుప ఖనిజపు ధూళి, హైవే లారీల మసి రోజూ మన మీద ఎంత పడుతున్నాయో పట్టి ఇవ్వగలదు. అందుకు లక్షల రూపాయల యంత్రాన్ని వీధివీధినా నిలపనక్కర్లేదు. గోపాలపట్నం నుంచి మల్కాపురం దాకా బడులూ కాలేజీలూ తమ డాబాల మీద ఒక్కో నాచు సంచి కట్టి, విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో పరీక్ష చేయించాలి. ఈ వానాకాలంలోనే మొదలుపెట్టమని ఉపాధ్యాయులకు నా విన్నపం.