దాస్యకథాబోధనము - కర్తృత్వవిచారము

బానిసతనపుఁ జరిత్రమును విద్యార్థులకు నవలలమూలమునఁ జెప్పి, పిదప వారిచేతనే యొక రచన చేయించుట యమెరికాదేశపుఁ బాఠశాలలలోఁ బరిచితమైన పద్ధతి. మన తరగతులలోనికిని నిది కొంత వచ్చినది. అలెక్సు హేలీ 1976లోఁ బ్రకటించిన 'రూట్సు' గ్రంథమును సహవాసిగారు 'ఏడుతరాలు' అను పేరఁ దెనిఁగించిన పిమ్మట, ఇంగ్లీషు రానివారును కుంటా కింటే పేరెఱిఁగిరి. కథను జదివించుట మంచిదే. చదివించిన తరువాత నుపాధ్యాయుఁ డిచ్చు ప్రశ్నయే నాకు సందేహాస్పదముగా నున్నది. "నీవొక బానిసవని యూహించుకొని నీ దినచర్యను వ్రాయుము" అని యా ప్రశ్న. నేనును నిట్టి ప్రశ్న నిచ్చినవాఁడనే కావున నితరులను దప్పుపట్టుట కీవ్యాసము వ్రాయుట లేదు. ప్రశ్నయందు దోషమున్నది. అది దయకు సంబంధించిన దోషము కాదు, కారకమునకు సంబంధించినది.

పాణిని కర్తకు స్వాతంత్ర్యమును లక్షణముగాఁ జెప్పెను. క్రియయం దెవఁడు స్వతంత్రుఁడో వాఁడు కర్త. 'వర్తకుఁడు దాసుని నమ్మెను' అన్నప్పుడు వర్తకుఁడు కర్త, దాసుఁడు కర్మ. అమెరికా తోటల లెక్కపుస్తకములలోను, విక్రయపత్రములలోను, మరణశాసనములలోను దాసుఁడు సాధారణముగా నీ కర్మస్థానముననే కనఁబడును. వాఁడు కొనఁబడును, తాకట్టు పెట్టఁబడును, వారసులకుఁ బంచఁబడును. యజమానులు పత్రికలలో వేయించిన యొకజాతి ప్రకటనలలో మాత్రము వాఁడు ప్రథమావిభక్తికి వచ్చును. అవి పాఱిపోయినవారికొఱకు వేయించినవి. 'పాఱిపోయెను' అను క్రియకుఁ గర్త యితరుఁడు కాఁజాలఁడు గదా.

అయినను వైయాకరణుల విచార మింతతో ముగియదు. 'యజమానుఁడు దాసునిచే నఱికించెను', 'దాసుఁడు గొడ్డలిచే నఱికెను' అను రెండు వాక్యములను జూడుఁడు. విభక్తి రెంటను దృతీయయే. కాని గొడ్డలియందలిది కరణతృతీయ, దాసునియందలిది కర్తృతృతీయ. ఒకఁడు ప్రేరేపించినంతమాత్రమున నఱికెడివాఁడు పనిముట్టు కాఁడు. ప్రేరేపింపఁబడియు నాతఁడు తనక్రియకుఁ గర్తయే యని శాస్త్రసిద్ధాంతము. యజమానుఁ డీతృతీయను గరణముగా నన్వయించుకొనెను. న్యాయస్థానములు పెక్కుమాఱు లాయన్వయమునే మన్నించెను. దాస్యమును గూర్చి నవల వ్రాయువాని పని యీయన్వయమును సరిదిద్దుట యని నామతము.

ఇటీవల నాంగ్లరచయితలు పలువురు 'బానిస' అను నామమును విడిచి, 'బానిసగాఁ జేయఁబడిన మనుష్యుఁడు' అను నర్థము వచ్చు మాటను వాడుచున్నారు. ఇది వట్టి మర్యాదమాట యని పరిహసించువారును గలరు. సంస్కృతమున నీ యర్థమునకే చ్విప్రత్యయ మేర్పడియున్నది. మునుపట్లు కానిది యట్లగుట దాని యర్థము. దాసీకృతుఁ డనఁగా, దాసుఁడు గానివాఁడు దాసుఁడుగాఁ జేయఁబడినవాఁడు. (ఇందలి యీకారము ప్రత్యయనిమిత్తకము, స్త్రీవాచకమైన దాసీశబ్దమని విద్యార్థులు పొరపడుదురు.) దాసశబ్దము విన్నప్పు డదియొక జాతివలెఁ దోఁచును. దాసీకృతశబ్దము వినఁగానే, చేసినవాఁ డెవఁడను నాకాంక్ష పుట్టును. ఆకాంక్ష పుట్టించుమాట మంచిమాట.

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. విద్యార్థి 'నేను' అని మొదలుపెట్టఁగానే తాను గర్త యగును. కాని యా స్వాతంత్ర్య మాతనిదే, దాసునిది కాదు. తన కిష్టమైన దుఃఖమును దా నేఱుకొనును. గంట కొట్టఁగానే దానిని విడిచి యింటికిఁ బోవును. అందుచేత నట్టి రచనలలోఁ గన్నీరు సమృద్ధిగా నుండును గాని, తన్నుఁ గొన్నదెవఁడు, ఏ శాసనమునుబట్టి, ఎంతధనమునకు, బిడ్డలేమైరి యను సంగతు లుండవు. యజమానుఁడు కొరడాతోఁ గూడిన ముఖములేని రాక్షసుఁ డగును. నేను దిద్దిన నలువది కాగితములలో ముప్పదియైదింట సూర్యోదయమును, కొరడాదెబ్బయును, దైవప్రార్థనయును నదే వరుసలో నుండెను.

మన పిల్లల విషయమున మఱియొక చిక్కున్నది. దాస్యమనఁగానే వారికి మొదట స్ఫురించునది హరిశ్చంద్రుని కథ. కాశిలోఁ జంద్రమతీలోహితాస్యులు కాలకౌశికునకును, రాజు వీరబాహునకును నమ్ముడువోయిన ఘట్టము, గౌరన ద్విపదను జదువనివారికిఁ గూడ నాటకములవలన సుపరిచితము. కాని యాదాస్యము సత్యపరీక్ష. రాజు తన్నుఁ దానే యమ్మికొనెను. అమ్మువాఁడును దానే, అమ్ముడువోవువాఁడును దానే. తుదకు దేవతలు ప్రత్యక్షమై పోయినదెల్ల నిచ్చిరి. ఈ సంస్కారముతో దాస్యనవలను బట్టినవాఁడు ప్రతిపుటయందును దేవతలరాకకై యెదురుచూచును. హారియట్ బీచర్ స్టో 1852లోఁ బుస్తకరూపమునఁ బ్రకటించిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' మనవారికి వెంటనే రుచించుట కిదియే హేతువని నా యూహ. సహనమున టాము హరిశ్చంద్రునకుఁ దమ్ముని వంటివాఁడు. ఆ నవల చేసిన మేలు కాదనరానిది. అమెరికాలో మొదటియేఁటనే మూఁడులక్షల ప్రతులు చెల్లినవి. అయినను జేమ్సు బాల్డ్విను 1949లో దానిని విమర్శించుచు, అందలి కన్నీటియుబ్బు మనుష్యుని సంకీర్ణతను మఱుఁగుపఱచెనని యాక్షేపించెను. ఆ యాక్షేపమునకుఁ దగిన సమాధానము నాకుఁ గానరాలేదు.

మనకథలలో హరిశ్చంద్రునికంటె గరుడుఁ డిచ్చట నెక్కువ యక్కఱకు వచ్చును. ఆదిపర్వమున వినత పందెమున మోసపోయి కద్రువకు దాసి యయ్యెను. తా నే పందెమును వేయకున్నను, దాసికొడుకగుటచేత గరుడుఁడు సర్పములను మోయవలసినవాఁ డయ్యెను. ఈ పని మనకేల వచ్చెనని యాతఁడు తల్లినే యడిగెను. వర్జీనియా శాసనసభ 1662లోఁ జేసిన శాసనముప్రకారము, బిడ్డ స్వతంత్రుఁడో దాసుఁడో తల్లిస్థితినిబట్టి తేలును. ఇంగ్లండుదేశపు న్యాయమున బిడ్డ సాధారణముగాఁ దండ్రి ననుసరించెడివాఁడు. ఈ మార్పువలనఁ దెల్లయజమానునకు దాసియందుఁ గలిగిన సంతానమును దాస్యమున నిలిచిపోయెను. తండ్రి యాస్తి పెరిఁగెను. శాసనమును వివరించి గరుడుని ప్రశ్నను జ్ఞాపకము చేసినప్పుడు తరగతిలో నెవ్వరును మాటలాడరైరి. అయితే గరుడున కమృతము దెచ్చు బలము గలదు. ఆ భేదమును గూడ నప్పుడే చెప్పవలెను. లేనిచో మరల హరిశ్చంద్రుని యొద్దకే పోవుదుము.

ఈ విషయమున నేను జదివినంతలో నుత్తమమైన నవల టోనీ మారిసను 1987లోఁ బ్రకటించిన 'బిలవెడ్'. దానికి మూలమైన వృత్తాంత మిది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అను స్త్రీ కెంటకీనుండి కుటుంబముతోఁ గూడ బయలుదేఱి, గడ్డకట్టిన ఒహాయోనదిని దాఁటి సిన్సినాటి చేరెను. పట్టుకొనవచ్చినవా రిల్లు చుట్టుముట్టఁగా, దాస్యమునకు మరల నీయనొల్లక తన చిన్నకూఁతును జంపెను. అప్పుడొక వివాదము పుట్టెను. ఆమెను హత్యానేరమునకై విచారింపవలయునా, 1850 నాఁటి శాసనమునుబట్టి పాఱిపోయిన సొత్తుగా నెంచి మరలింపవలయునా? హత్యానేరమునే మోపవలయునని కోరినవారు దాస్యనిర్మూలనపక్షమువారు! ఇది విపరీతముగాఁ దోఁచును. కాని హంత్రి యనిపించుకొనుటకు ముందుగాఁ గర్త్రి కావలయును. సొత్తు హత్య చేయఁజాలదు. అధికారు లామెను సొత్తుగానే మరలించిరి.

మారిసను 'ది బ్లాక్ బుక్' అను సంకలనమును (1974) సిద్ధపఱచుకాలమున నీసంగతిని గూర్చిన పాత పత్రికావార్తను జూచెను. పిదప వ్రాసిన నవలలోఁ దల్లిపేరు సెథ్. ఆమె తొల్లి యున్న తోటకుఁ బెత్తనమునకు వచ్చినవాఁడొక బడిపంతులు. వానికిఁ బేరులేదు; పంతులనియే పిలువఁబడును. వాఁడు తన శిష్యులకొక రచనాభ్యాసము నిచ్చును. సెథ్‌నందలి మనుష్యలక్షణము లెడమప్రక్కను, పశులక్షణములు కుడిప్రక్కను వ్రాయవలెను. ఒకశిష్యుఁడు వరుస తప్పఁగాఁ బంతులు కోపపడక, యోపికతో దిద్దును. సెథ్ ఆమాటలను జెవిని బెట్టును. ఆ వ్రాఁతకు వాడిన సిరా యామె స్వహస్తములతోఁ గాఁచినదే.

మావృత్తివారు చదువవలసిన ఘట్ట మిది. కొరడా లేదు, అఱపు లేదు, ఉన్నది మంచిబోధనాపద్ధతి. వర్గీకరణము, పట్టిక, దిద్దుబాటు - నేను ముప్పదియేండ్లుగాఁ జేయుచున్నవి యివియే. సుబంతములను దిఙంతములను వేఱుపఱచి వరుసలుగా వ్రాయుఁడని నేను జెప్పునప్పుడు నా కంఠస్వర మెట్లుండునో యాపంతులదియు నట్లే యుండునని తోఁచి, పుస్తకమును గొంతసేపు మూసివేసితిని. రచనాభ్యాసము స్వతః పుణ్యకార్య మనుకొనువారి కీఘట్టము ప్రత్యుత్తరము.

మఱి దాసులు స్వయముగా నెట్టి రచన చేసిరి? దక్షిణకరొలైనాలో 1740 నాఁటి శాసనము దాసునకు వ్రాఁత నేర్పినవారికి నూఱుపౌనుల జుల్మానా విధించినది. ఫ్రెడెరిక్ డగ్లసు బాల్టిమోరులో నున్నప్పుడు యజమానురాలు కొన్నియక్షరములు నేర్పఁగా భర్త వలదని మాన్పించెను. ఆ బాలుఁడు వీధిలోని తెల్లపిల్లలకు రొట్టె పెట్టి చదువు నేర్చెను. ఇంటిలో నెవ్వరును లేనప్పుడు చిన్నయజమానుని కాపీపుస్తకమున మిగిలిన ఖాళీలలో వ్రాసి చేవ్రాలు కుదుర్చుకొనెను. 1836లో నాతఁడును నేస్తులును బాఱిపోవఁ దలఁచినప్పుడు, తనకును వారికిని బ్రయాణపుఁ జీట్లు వ్రాసెను. అందు 'నేను' అనఁగా యజమానుఁడు: నేను నా దాసునకుఁ బోవుటకు సెలవిచ్చితిని అని వానిభావము. స్వేచ్ఛగలవాఁడు దాసునివలె 'నేను' అని వ్రాయుట మన తరగతిరచన. దాసుఁడు యజమానునివలె 'నేను' అని వ్రాయుట డగ్లసురచన. ఒకదానిలోఁ దప్పిన మార్కు పోవును, రెండవదానిలోఁ బ్రాణము పోవును. పన్నాగము బయలుపడఁగా డగ్లసు తనచీటిని నిప్పులో వేసెను. ఒకనేస్తునిఁ దనదానిని రొట్టెతోఁ గలిపి తినివేయుమని చెప్పెను. 1838లోఁ దప్పించుకొని, 1845లో నాత్మకథను బ్రకటించెను. 1853లో నొక చిన్న నవలను గూడ వ్రాసెను. దాని నాయకుఁడు 1841లో 'క్రియోల్' ఓడపైఁ దిరుగుబాటు నడిపిన మాడిసన్ వాషింగ్టన్.

కావున విద్యార్థికి గొంతు నరువిచ్చుటకంటెఁ గట్టుబాటు పెట్టుట మేలని నాకుఁ దోఁచినది. దీనికి మార్గము చూపినది నూర్బీస్ ఫిలిప్ అను కవయిత్రి. 1781లో 'జాంగ్' అను నోడనుండి నూటముప్పదిమందికి మించిన దాసీకృతులను సముద్రమునఁ ద్రోసివేసిరి. పిదప నోడ యజమానులు పోయిన సరకునకు భీమాధనము కోరిరి. 1783లో వ్యాజ్యము నడచెను; అది హత్యావ్యాజ్యము కాదు, భీమావ్యాజ్యము. న్యాయవాదవృత్తి నెఱిఁగిన ఫిలిప్, ఆ వ్యాజ్యపు సంగ్రహనివేదికలోని మాటలనే యాధారముగాఁ గొని, వానిని విఱిచి, చెదరఁగొట్టి 2008లో నొక కావ్యమును బ్రకటించెను. పేరులు నమోదుకాని మృతులకుఁ గొన్నిపుటల యడుగునఁ బేరులు గూర్చెను. సమస్యాపూరణము మరగిన మనకీ నియమము క్రొత్తదిగాఁ దోఁపదు. కాని మనము నియమమును బ్రౌఢికై వాడితిమి, ఆమె యూపిరాడమిని జూపుటకు వాడెను.

నిరుఁడు నేను బ్రశ్నను మార్చితిని. విక్రయపత్రముల మచ్చున నాఱువాక్యముల పత్రమును దెలుఁగునఁ గూర్చి యిచ్చి, ఇందలి మాటలతోనే రచన చేయవలెననియు, 'నేను' అనరాదనియుఁ జెప్పితిని. పలువురు విసుగుకొనిరి. ఒకఁడు పత్రము వ్రాసిన గుమాస్తాను బాత్రముగాఁ జేసెను. కారణ మడుగఁగా, ఇది యెట్లు వ్రాయుదురో నాకుఁ దెలియును, అది యెట్లుండునో తెలియదు అనెను. ఒక విద్యార్థిని యాఱువాక్యములను మార్పులేక యెత్తివ్రాసెను. చూచివ్రాఁత యని తలఁచి సున్న వేయఁబోయి మరలఁ జదివితిని. అమ్మఁబడిన స్త్రీ పేరు పత్రమున ద్వితీయలో నుండెను. ఈమె యాఱింటను దానిని బ్రథమగా మార్చినది. క్రియ 'అమ్మితిమి' యని యట్లే యున్నది. వాక్యమున కన్వయము కుదరదు. రెండు ప్రథమ లొకక్రియకై పెనఁగులాడుచున్నవి. విభక్తిదోషమునకు మార్కులు తగ్గించుట నా యలవాటు. తక్కిన కాగితములన్నియుఁ దిద్ది యిచ్చివేసితిని. అది మాత్ర మింకను నాబల్లమీఁదనే యున్నది.