మూడు తాళ్లు, ఒక చెయ్యి

ఉద్దానం జీడితోటల్లో తెల్లవారుజామున మూడు కుక్కల్ని ఒక్క చేత్తో నడిపించే కాపలా మావంటే నాకెంతో గౌరవం. తాళ్లను చేతికి చుట్టుకోడు. కుక్క ఉరికితే వేళ్లు నలుగుతాయి. మడతపెట్టి పట్టుకుంటాడు. నెమ్మదైన ముసలిది కాలి పక్కన, దుడుకుది దాని అవతల. తాళ్లు పెనవేసుకుంటే లాగడు. ఆగి, తానే చుట్టూ తిరిగి విప్పుతాడు. ఎంత ఓపికో!

జీడిపండ్లకూ పనసకూ ఎలుగుబంట్లు దిగే నేల ఇది. వదిలేసిన కుక్క ఎలుగును రెచ్చగొట్టి, దాన్ని వెంటేసుకుని మనిషి దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. అందుకే తాళ్లు. కుక్కల చెవులు నిక్కగానే మావ అరవడు, మూడింటినీ దగ్గరికి తీసుకుని వెనుదిరుగుతాడు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి చెట్లను కూల్చాక, పడిన కొమ్మల మధ్యా అలాగే నడిపించాడు. ఇల్లు చేరాక ముందు కుక్కలకు గంజి పోస్తాడు.