మీట, అక్షరం, ఆదేశం: టెక్స్ట్ ఎడిటర్ షార్ట్‌కట్ల వివరణ పత్రాలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదులో పరిశోధన గ్రంథాలను టైపు చేసే డీటీపీ కేంద్రాల్లో కంప్యూటరు పక్కన గోడకు అంటించిన ఒక కాగితం కనిపిస్తూ ఉంటుంది. ఏ మీట నొక్కితే ఏ తెలుగు అక్షరం వస్తుందో చూపే పట్టిక అది. అంచుల్లో ఆపరేటరు పెన్నుతో రాసుకున్న షార్ట్‌కట్లూ ఉంటాయి. ఆ వ్యక్తి పని మానిన నాడు పట్టిక మిగులుతుంది గాని, అంచు రాతలు ఎవరికీ అర్థం కావు. ఇప్పుడు పరిశోధకులు తమ సిద్ధాంత గ్రంథాలను తామే టైపు చేసుకుంటున్నారు. ఎడిటరును తమకు తగినట్లు అమర్చుకుంటున్నారు. అయితే ఆ అమరికను వివరంగా రాసిపెట్టేవారు అరుదు. ప్రసిద్ధ ఎడిటర్ల వివరణ పత్రాలు తెలుగు రాసేవారికి ఎంతవరకు ఉపకరిస్తున్నాయో, ఎక్కడ చాలడం లేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక మీట – రెండు పేర్లు

ఇంగ్లీషులో రాసేవారికి మీటపై ముద్రించిన అక్షరమే ఆ మీట పేరు. అందుచేత ‘కంట్రోల్‌తో ఎస్ నొక్కండి’ అన్న వాక్యంలో వారికి సందిగ్ధత ఉండదు. తెలుగులో పరిస్థితి వేరు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ఐఎస్ 13194 ప్రమాణంలో చోటుచేసుకున్న ఇన్‌స్క్రిప్ట్ అమరిక ప్రకారం కె మీట ‘క’ను, ఎస్ మీట ఏత్వపు గుర్తును, డి మీట పొల్లును ఇస్తాయి. ఒకే మీట రాతలో ఒక పేరుతోను, ఆదేశంలో మరొక పేరుతోను వ్యవహరిస్తుంది.

దీని ఫలితం విమ్ ఎడిటరులో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ సాధారణ స్థితిలో డి మీటను రెండుసార్లు నొక్కితే పంక్తి తొలగిపోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలోనే కీబోర్డును తెలుగుకు మార్చి ఉంటే ఎడిటరుకు చేరేవి రెండు పొల్లు గుర్తులు మాత్రమే. పంక్తి అలాగే ఉంటుంది. తప్పు రచయితది కాదు, ఎడిటరుదీ కాదు. మీటను, అక్షరాన్ని ఒకటిగా భావించిన వివరణది.

3. మూడు వివరణ పత్రాల తులన

విమ్ వివరణలో ఈ చిక్కుకు సమాధానం ఉంది. ‘కీమ్యాప్’ అనే సౌకర్యం ద్వారా తెలుగు అమరిక ప్రధానంగా అక్షరాలు చేర్చే స్థితికే వర్తిస్తుంది. ఆదేశాల మీటలు యథాతథంగా ఉంటాయి. కానీ ఈ సమాచారం బహుభాషా పాఠ్యానికి కేటాయించిన ప్రత్యేక అధ్యాయంలో ఉంది. ఆదేశాల పట్టికను మాత్రమే చదివినవారికి అది అందదు.

ఈమాక్స్ తనను తాను వివరించుకొనే ఎడిటరుగా పేరొందింది. కంట్రోల్-హెచ్ నొక్కి, తరువాత కె నొక్కి, మనకు కావలసిన మీటను నొక్కితే ఆ మీట ఏ ఆదేశాన్ని నడుపుతుందో చెబుతుంది. కంట్రోల్-హెచ్ తరువాత బి నొక్కితే అమలులో ఉన్న షార్ట్‌కట్లన్నీ పట్టికగా వస్తాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఇన్‌పుట్ పద్ధతి అందులోనే ఉంది కనుక, తెలుగు రాస్తూనే కంట్రోల్-కె వంటి ఆదేశాలను వాడవచ్చు. అయితే ఈ స్వయం వివరణకు ఒక హద్దు ఉంది. మీట ఏమి చేస్తుందో యంత్రం చెప్పగలదు. దానిని ఎందుకు మార్చుకున్నామో చెప్పలేదు. ఆ కారణాన్ని రాయవలసింది వాడుకరే.

విజువల్ స్టూడియో కోడ్ వివరణలో ఒక సూక్ష్మమైన భేదం కనిపిస్తుంది. షార్ట్‌కట్‌ను అక్షరం ఆధారంగా కాక, కీబోర్డుపై మీట ఉన్న స్థానం ఆధారంగా కూడా నిర్వచించవచ్చని అది చెబుతుంది. అలా నిర్వచించిన షార్ట్‌కట్ భాష మారినా మారదు. మూడింటిలోను మీటను అక్షరం నుండి సూటిగా వేరుచేసి చెప్పింది ఇదే.

4. కనిపించని అక్షరం

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన చర్చ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ‘ట్’ తరువాత ‘వే’ విడిగా నిలవాలంటే నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం ఉండాలి. లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వకారం వత్తుగా మారుతుంది. ఈ అక్షరాన్ని చేర్చడానికి ఈమాక్స్‌లో ఒక పద్ధతి, విమ్‌లో మరొక పద్ధతి ఉన్నాయి. చాలామంది దానికి సొంత షార్ట్‌కట్ ఏర్పరచుకుంటారు. ఆ షార్ట్‌కట్ నమోదు కాకపోతే ఒకే గ్రంథంలో ఒక అధ్యాయంలో అది ఉంటుంది, మరొక అధ్యాయంలో ఉండదు. అన్వేషణలో ఒక రూపాన్ని వెతికితే రెండవది దొరకకపోవచ్చు. పదప్రయోగాల లెక్క తప్పుతుంది. ఆ లెక్క మీద ఆధారపడిన నిర్ధారణ కూడా తప్పుతుంది.

5. ఉపసంహారం

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాను ఏ తాళపత్ర ప్రతులను చూశాడో, వాటికి ఏ సంకేతాలు వాడాడో పీఠికలో చెబుతాడు. చెప్పకపోతే ఆ పరిష్కరణను విశ్వసించలేము. డిజిటల్ పాఠాన్ని సిద్ధం చేసే పరిశోధకునికీ ఈ బాధ్యత వర్తిస్తుంది. ప్రతి షార్ట్‌కట్‌కూ మీట స్థానం, తెలుగు అమరికలో ఆ మీట ఇచ్చే అక్షరం, అది నడిపే ఆదేశం, దానిని ఎంచుకున్న కారణం అనే నాలుగు అంశాలను నమోదు చేయాలి. ఎడిటరు పేరు, వెర్షను, ఇన్‌పుట్ పద్ధతి వాటికి తోడుగా ఉండాలి. ఆ వివరణ తెలుగులోనే ఉండాలి. గోడ మీది కాగితం అంచున రాసిన రాత ఒక మనిషికే ఉపయోగపడింది. సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా చేర్చిన ఒక్క పుట తరువాతి పరిశోధకునికి ఉపయోగపడుతుంది.