మేక్ కొట్టే చేయి

భిలాయి సెక్టార్ క్వార్టర్‌లో మా బావ కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కన టీ చల్లారిపోవాల్సిందే. డెబియన్ లినక్స్‌లో ‘యాప్ట్ ఇన్‌స్టాల్’ అంటే నిమిషంలో అయ్యే పనికి, ఈయన సోర్స్ దింపి, విప్పి, ‘కాన్ఫిగర్’ కొడతాడు. ఒకరోజు తెర మీద వరసలు పరుగెత్తి ఠక్కున ఆగాయి. జెడ్‌లిబ్ అనే లైబ్రరీ దొరకలేదట.

"ఉంది కదా బావా?"

"ఉన్నది ప్రోగ్రాములు నడవడానికి. కట్టడానికి కావలసిన హెడర్ ఫైళ్లు డెబియన్‌లో ‘డెవ్’ అని వేరే ప్యాకేజీ."

అది వేశాడు. మళ్లీ కాన్ఫిగర్, తర్వాత కంపైల్ చేసే ‘మేక్’. ఫ్యాను హోరెత్తింది.

1959లో ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఊరు భిలాయి. రైలు పట్టా కావాలంటే రైల్వే వాళ్లు ఖనిజం కరిగించుకోరు, ఇక్కడి నుంచి తెప్పించుకుంటారు. 1993లో మొదలైన డెబియన్ ఇచ్చేదీ అలాంటి సౌకర్యమే, కట్టిపెట్టిన సరుకు. నేనూ రోజూ అదే వాడతాను, సిగ్గేం లేదు. జెంటూ వాళ్లలా సిస్టమంతా సొంతంగా కంపైల్ చేసే ఓపిక బావకీ లేదు. ఫ్రీబీఎస్డీ అనే మరో సిస్టమ్‌లో రెండు దారులూ ఉన్నాయి: సొంతంగా కట్టుకునే పోర్ట్స్, కట్టిపెట్టిన ప్యాకేజీలు.

బావ సోర్స్ జోలికి వెళ్లేది ప్యాకేజీ కట్టినవాళ్లు మూసేసిన ఒక సదుపాయం కావాల్సినప్పుడే. అప్పుడూ సిస్టమ్ ఫైళ్లలో కలపడు. ‘ప్రిఫిక్స్’ ఇచ్చి తన హోమ్‌లో వేరే ఫోల్డర్‌లో పెడతాడు. నచ్చకపోతే ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే సరి. ఏ ఆప్షన్లతో కట్టాడో పాత రూళ్ల నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకుంటాడు, తేదీతో సహా. ఆ రోజు పేజీ మీద టీ గ్లాసు మరక కూడా పడింది.