పరకాయప్రవేశ విద్య

పేరు వినినంతనే వీథిచివరి దుకాణము స్ఫురించుట సహజమే కాని, వైన్ అనునది ద్రాక్షాసవము గాదు. విండోస్ కొరకు పుట్టిన ప్రోగ్రామును, అందొక్క అక్షరమైనను మార్పక, లినక్స్ యంత్రముపై నడిపించు లైబ్రరీల సముదాయము. 1993లో బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ మొదలిడిరి. మరుసటి యేడు అలెగ్జాండర్ జూలియార్ చేపట్టెను. చరిత్ర కింతే చాలును.

ఇక పనితనము. విండోస్ ప్రోగ్రాము ఫైలు తెరువవలెనన్న కెర్నెల్32ను, కిటికీ గీయవలెనన్న యూజర్32ను పిలుచును. వైన్ ఆ పేర్లతోనే తన లైబ్రరీలను నిలిపి, ఆ పిలుపునకు తాను పలికి, కావలసినదానిని లినక్స్ నడిగి తెచ్చి, విండోస్ ఇచ్చు తీరుననే చేతికిచ్చును. తాను పరాయియింట నున్నట్లు ప్రోగ్రామునకు తెలియనే తెలియదు. దీనిని ఎమ్యులేటరని పిలుచువారిని చూచిన నాకు ఒళ్లు మండును. ఇచట వైన్ ప్రాసెసరువలె నటించుట లేదు. ప్రోగ్రాములోని ఆజ్ఞలను ప్రాసెసరు నేరుగనే పాటించును.

అంతకు మించిన వింత యొకటి కలదు. విండోస్ మూలకోడును చూచినవాని చేతివ్రాత వైన్‌లో చెల్లదు. కావున ఈ శిల్పులు చిన్న చిన్న పరీక్షలు వ్రాసి, అసలు విండోస్‌పై నడిపి, ఏ తప్పునకు ఏ సంఖ్య తిరిగి వచ్చునో చూచి, అట్లే తమ లైబ్రరీచేత పలికింతురు. ఇంకను కుదురని చోట "టుడూ వైన్" అని గురుతుంతురు. విండోస్‌లోని దోషమునే నమ్ముకొని బ్రదుకు ప్రోగ్రామున్నచో, ఆ దోషమును గూడ పొల్లుపోక దింపవలసినదే!

ఒకరాత్రి పాత పద్దుల ప్రోగ్రామొకటి వైన్‌పై నడిపితిని. కిటికీ చక్కగా తెరచుకొనెను. వెనుక టెర్మినల్‌పై మాత్రము "ఫిక్స్‌మీ" అను మాటతో పంక్తులు జారుచుండెను. ఈ పని నాకింకను పూర్తిగా రాలేదని లైబ్రరీ తానే చెప్పుకొనుట యది. అంతటి నిజాయతీ మనుష్యులలోనే అరుదు.

1.0 అను సంఖ్య ధరించుటకు వైన్ పదునైదేండ్లు, 2008 వరకు, ఓపిక పట్టినది. 64 బిట్ల విండోస్ తన 16 బిట్ల సంతానమును గడప దాటనీయకుండగా, 64 బిట్ల లినక్స్‌పై వైన్ వానిని ఆదరించుచున్నది! డైరెక్ట్3డీ అను విండోస్ గ్రాఫిక్సు పిలుపులను వల్కన్‌లోనికి మార్చు డీఎక్స్‌వీకేను ఫిలిప్ రెబోల్ సృజింపగా, దానిని వైన్‌తో కలిపి 2018లో వాల్వ్ సంస్థ ప్రోటాన్ వెలువరించెను. నేడు ఆ సంస్థవారి ఆటయంత్రము స్టీమ్ డెక్‌పై ఆడు విండోస్ ఆటలకు ప్రాణము అదియే.

ఇట్టి విద్యను వాడుకొని తిరిగి యేమియు నీయని వర్తకుల బెడదవలననే గదా, 2002లో వైన్ తన లైసెన్సును ఎల్జీపీఎల్‌గా మార్చుకొనవలసి వచ్చినది! పాత ప్రోగ్రాములను బ్రదికించు వారధుల విషయమున ఆపిల్ కథ మరింత కష్టము. ఒకే ప్రోగ్రామును పాత మ్యాక్ ఓఎస్ 9పైనను, కొత్త మ్యాక్ ఓఎస్ టెన్‌పైనను నడిపించిన కార్బన్ అను చక్కని వారధిని కట్టినవారే, 2019లో మ్యాక్ ఓఎస్ కాటలినాతో దానిని కూలద్రోసిరి. కట్టిన చేతులకు కూల్చుటకు మనసెట్లొప్పెనో!

మన డీటీపీ దుకాణములలో పేజ్‌మేకరు కొరకు, "అను" ఫాంట్ల కొరకు పాత కంప్యూటరును కంటికి రెప్పవలె కాచుకొనువారు నేటికిని కలరు. అయ్యలారా, ఆ పెట్టె ఆగకముందే మీ సీడీని వైన్‌పై ఒకమారు పెట్టి చూడుడు. నడువనిచో, ఆ ఫిక్స్‌మీ పంక్తులను ఉన్నవున్నట్లు వైన్ వారికి పంపుడు.