‘డోరా’ నుంచి ‘అనుమతి’కి: ఎవరి అనుమతి?

బాపట్ల తాలూకా గార్లపాడులో 1892లో జన్మించిన రాయప్రోలు సుబ్బారావు తొలి కావ్యాల్లో రెండింటికి ఇంగ్లీషు మూలాలున్నాయి. ‘లలిత’కు గోల్డ్‌స్మిత్ ‘హెర్మిట్’, ‘అనుమతి’కి టెన్నిసన్ ‘డోరా’ (1842) ఆధారాలు. ఈ భాగంలో ‘డోరా’ను పరిశీలిద్దాం. మనిషి ఎలా బతకాలన్న ప్రశ్నకు అది ఇచ్చే జవాబు మనకు సరిపోతుందా?

ముందుగా కథ. రైతు అలన్ తన కొడుకు విలియంకు, సోదరుడి కూతురు డోరాకు పెళ్లి చేయాలనుకుంటాడు. విలియం కాదని, కూలివాని కూతురు మేరీని చేసుకుంటాడు. తండ్రి అతన్ని దూరం పెడతాడు. వాళ్లతో మాట్లాడితే నీకూ ఈ ఇంట్లో చోటు లేదని డోరాను హెచ్చరిస్తాడు. విలియం పేదరికంలో పడతాడు. డోరా రహస్యంగా సాయపడుతుంది. అతను జ్వరంతో చనిపోయాక, బిడ్డను ఎత్తుకుని కోతలు జరిగే గోధుమ చేనులో అలన్ కంటపడేలా కూర్చుంటుంది. చివరికి ముసలివాని మనసు కరుగుతుంది. మేరీ కొన్నేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. డోరా మాత్రం చనిపోయేదాకా ఒంటరే.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో పెరిగినవారికి కోత చేను కొత్త కాదు. పంట చేతికొచ్చే రోజు రైతు మనసు మెత్తబడుతుందని డోరాకు తెలుసు. ఆమె వాదించదు. సమయం చూసి బిడ్డను ముందుంచుతుంది. ఇది ఓర్పు మాత్రమే కాదు, తెలివి కూడా. ఈ కావ్యం బలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. అన్నదమ్ముల పిల్లలు మన వరసలో అన్నాచెల్లెళ్లు. డోరా మేనకోడలైతే మేనరికం కుదురుతుంది, సోదరుడి కూతురైతే ఆ పెళ్లి మాటే రాదు. కాబట్టి పరాయి కథను తెలుగులోకి తెచ్చే కవి మాటలతో పాటు చుట్టరికాలను కూడా ఆలోచించాలి. అనుసరణ అంటే నకలు కాదనడానికి ఇదొక ఉదాహరణ. టెన్నిసన్ కూడా ఈ కథను మేరీ మిట్‌ఫర్డ్ వచన కథ నుంచి గ్రహించినవాడే.

పేరు మార్పు ఇంకా ముఖ్యం. ‘డోరా’ ఒక మనిషి పేరు. ‘అనుమతి’ ఒక ప్రశ్నను లేపుతుంది. అలన్ కొడుకును అడిగాడు, కాదంటే కోపగించాడు. డోరా ఇష్టాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె విలియంను లోలోపల ప్రేమించింది. ఆ ప్రేమ సేవగానే మిగిలిపోయింది. రాయప్రోలు తర్వాత ప్రతిపాదించిన అమలిన శృంగారానికి ఈ పాత్ర దగ్గరగా కనిపిస్తుంది. అయితే త్యాగం గొప్పదని మెచ్చుకుంటూ, ఆ త్యాగం ఎందుకు అవసరమైందో అడగడం మానకూడదు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం 1881లో తొలి వితంతు వివాహం జరిపించారు. మేరీ పునర్వివాహాన్ని ఆనాటి తెలుగు పాఠకులు తేలిగ్గా తీసుకుని ఉండరు. టెన్నిసన్ దాన్ని ఒక్క మాటలో దాటేశాడు. డోరా మంచితనం మనల్ని కదిలిస్తుంది. ఆమె మౌనం మనల్ని ఇబ్బంది పెట్టాలి కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ‘అనుమతి’ చదివి, అందులో చుట్టరికాలు ఎలా ఉన్నాయో గుర్తించండి.
2. డోరాది త్యాగమా, నిస్సహాయతా? మీ మాటల్లో పది వాక్యాలు రాయండి.